పాలేరు అన్న మాట

బాన్సువాడలో పండరి ఇంటి ముందు ఒక అరుగు ఉండేది గాని, దాని మీద పండరి కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. ఇవాళ బీర్కూరు బాటలో కనిపించిన మనిషి రేపు వర్ని కాల్వగట్టు మీద ఉండేవాడు. ఎల్లుండి బాన్సువాడ అంగట్లో ఎవరి భుజం మీదో చెయ్యేసి గుసగుసలాడుతుండేవాడు. నలభై ఐదేళ్లు దాటినా ఆ కాళ్లకు అలుపు లేదు. "కాలుగాలిన పిల్లివి నువ్వు. నిన్ను జేసుకునే బదులు బాటను జేసుకున్నా అయిపోవు" అనేది అతని భార్య నర్సవ్వ. ఆమె కూర్చున్నచోటి నుంచి కదలకుండా పొద్దంతా బీడీలు చుట్టే మనిషి. ఈ ఇద్దరికీ ముడిపెట్టినవాడు ఎవడోగాని మంచి కొంటెవాడే.

పండరి చేసే పని మనుషులను పనికి కుదర్చడం. నిజాంసాగర్ నీళ్లు కాల్వల్లోకి వచ్చి అప్పటికి ఐదారేళ్లయింది. కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతులు వర్ని చుట్టుపక్కల తుప్పలు కొట్టించి మళ్లు చేస్తున్నారు. వాళ్లకు భూమి దొరికింది, నీళ్లు దొరికాయి, మనుషులు మాత్రం దొరకలేదు. ఇటు బీర్కూరు పల్లెల్లో మనుషులున్నారు, పని లేదు. పండరి ఇటువాళ్లను అటు తీసుకుపోయేవాడు. రైతులు "మన పండరి" అనేవాళ్లు, కూలివాళ్లూ "మన పండరి" అనేవాళ్లు. ఎవరి నోట విన్నా ఆ మాటకు అతని కడుపు నిండేది. మనిషిని కుదిర్చినందుకు రైతు ఒక బస్తా వడ్లు పెట్టేవాడు. పని దొరికినవాడు ఒక ముంత కల్లు పోయించేవాడు. బస్తాకూ ముంతకూ ఉన్న తేడా పండరికి తట్టలేదంటే నమ్మడం కష్టమే, కాని దాని గురించి ఆగి ఆలోచించాలంటే ముందు మనిషి ఒకచోట ఆగాలి గదా.

నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ఎవరింట్లో ఎద్దు అమ్మకానికి ఉందో, ఎవరి కొడుకు ఎవరితో జగడం పెట్టుకున్నాడో, అన్నీ బాట పొడుగునా చెప్పుకుంటూ పోయేవాడు. రెండు వైపుల తెలుగూ అతనికి వచ్చు. త్వరగా అనడానికి 'జల్ది' అంటే వర్ని రైతులు నోరు తెరిచేవాళ్లు, రెండో పంటను 'దాళ్వా' అంటే బీర్కూరు కూలీలు నోరు తెరిచేవాళ్లు. పండరి మధ్యలో నిలబడి ఇద్దరి నోళ్లూ మూయించేవాడు.

ఆ మాటల్లో ఒకటి 'పాలేరు'. తెలంగాణ పల్లెల్లో ఒక ఆసామి ఇంట్లో ఉగాది నుంచి ఉగాది దాకా కట్టుబడి చాకిరీ చేసేవాడిని జీతగాడు అంటారు. ఆ చాకిరీ పేరు జీతం. ఆ మాట వింటేనే ఒళ్లు జలదరించేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. అదే మనిషిని కోస్తా రైతులు పాలేరు అంటారు. ఈ సంగతి మొదట్లో పండరికీ తెలియదు. వర్నిలో వీరరాఘవయ్య అనే రైతు మొదటిసారి "నాకో పాలేరు కావాలయ్యా" అన్నప్పుడు, పండరి దాన్ని పాలు అనుకున్నాడు. పాలుకు చేయడమంటే ఇక్కడివాళ్లకు ఒకటే అర్థం: పొలం వాళ్లది, రెక్కలు మనవి, పంటలో భాగం మనది. "పంటల ఎంత పాలిస్తరు పటేలా?" అని అడిగేశాడు. వీరరాఘవయ్య భుజం మీది కండువా జారిపోయేదాకా నవ్వాడు. ఆ వారమంతా రైతులు ఒకరికొకరు చెప్పుకుని నవ్వారు. పండరీ వాళ్లతో కలిసి నవ్వాడు. కాబట్టి ఆ మాటలో కాలు ఎక్కడ జారుతుందో అతనికి బాగా తెలుసు. ముందు జారినవాడు తనే.

ధాత నామ సంవత్సరం ఉగాది ఇంకో పదిరోజులుందనగా బీర్కూరు నుంచి ముత్తెన్న వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. అతని పెళ్లికి తండ్రి చేసిన అప్పు కింద ఒక దొర గడపలో పదకొండేళ్లు జీతమున్నాడు. ఆ పదకొండేళ్లూ "ఓరి జీతగా" అన్న పిలుపే గాని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. బయటపడి వచ్చాక ఊళ్లో ఎవరన్నా "ముత్తెన్నా" అంటే, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేవాడట.

"పండరన్నా, ఏ పనన్న జూడు. రాళ్లు గొట్టమన్న గొడ్త. ఒక్క జీతం మాత్రం వద్దే. మళ్ల జీతముంటే నా కాళ్లు ఇరిగినట్టే అని పోచమ్మ ముంగట ఒట్టు వెట్టుకున్న" అన్నాడు ముత్తెన్న.

ఆ వారంలో వీరరాఘవయ్య మూడుసార్లు కబురు పెట్టాడు. ఉగాదికి మనిషిని తేకపోతే బోధన్ నుంచి వచ్చే ఇంకొక మధ్యవర్తిని చూసుకుంటానన్నాడు. ఒకసారి ఒక రైతు చెయ్యి జారితే వెనకే నలుగురు జారుతారు. పండరి ముత్తెన్న భుజాల వైపు చూశాడు. ఇంతకంటే మంచి మనిషి దొరకడు.

"జీతమెందుకు తమ్మీ. వర్నిల మంచి రైతున్నడు. పాలేరు గావాలె అంటుండు" అన్నాడు.

"పాలేరా? అంటే పాలుకా?"

'కాదు' అనాలి. రెండక్షరాల మాట. పండరి వంగి నర్సవ్వ చాటలోంచి ఒక బీడీ తీసుకుని, అగ్గిపుల్ల గీసి, అది అంటుకునేదాకా చూసి, "వాళ్ల దిక్కు గట్లనే అంటరు" అన్నాడు. అబద్ధం కాదు. వాళ్ల వైపు అట్లాగే అంటారు మరి.

ముత్తెన్న ముఖం విప్పారింది. "ఇన్నేండ్లు నా చేతుల పండిందంత దొర గాదెకే వోయింది. ఇగ నా పాలు నాకొస్తది" అని పండరి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆనాటి కల్లు ముంత పండరికి ఎందుకో పుల్లగా తోచింది.

ఉగాదినాడు వర్ని పోతూ కాల్వగట్టు మీద ముత్తెన్న ఇంకోమాట అడిగాడు. "ఎంత పాలన్నా? సగమా, నాలుగో పాలా?"

"పంట రానీ తియ్. కల్లంల మాట్లాడుకుందురు" అన్నాడు పండరి. ఈసారి బీడీ చాటు కూడా లేదు. అడుగులు మాత్రం వడివడిగా పడ్డాయి.

వీరరాఘవయ్య చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పండరికి కొంత తేలికగా ఉండేది. ముత్తెన్నను ఎగాదిగా చూసి, "నెలనెలా తిండిగింజలు, రెండు జతల బట్టలు, గొంగడి, చెప్పులు. మా వైపు పాలేరంటే ఇంట్లో మనిషితో సమానమయ్యా" అన్నాడు. ముత్తెన్న కళ్లు తుడుచుకున్నాడు. పాలు గాక పైన తిండిగింజలు కూడా ఇచ్చే ధర్మాత్ములు లోకంలో ఉన్నారని అతనికి తెలియదు. రైతు పండరి వైపు తిరిగి, "మధ్యలో ఎగనామం పెట్టి పోడుగదా?" అన్నాడు.

"జమానతు నేనుంట పటేలా" అన్నాడు పండరి. ఎప్పుడూ అనేదే. మనిషి మధ్యలో పోతే పూచీ తనదని. బస్తా వడ్లు తలకెత్తుకునే ముందు అందరి దగ్గరా ఆ మాటే అంటాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు తిప్పలు. వర్నికి పోతే ముత్తెన్న కనిపిస్తాడు. పోకుండా ఉందామంటే కాళ్లు ఊరుకోవు. పోయిన ప్రతిసారీ ఏదో ఒకటి చూడాల్సి వచ్చేది. ముత్తెన్న తన ఇంటి వెనక పెంటకుప్పలోని ఎరువు బండికెత్తి, బీర్కూరు నుంచి తోలుకొచ్చి వీరరాఘవయ్య మడిలో పోశాడు. ఎవరూ చెప్పలేదు. నాట్లప్పుడు కూలీలు చాలకపోతే భార్య పోసవ్వను తెచ్చి దింపాడు. "మన చేనుకు మనకు కూలేంది" అని ఆమె కూలి కూడా తీసుకోలేదు. గట్టు మీద నిలబడి వీరరాఘవయ్య మురిసిపోయాడు. "పాలేరంటే ఇట్టా ఉండాలయ్యా పండరీ. పదిమందిని పెట్టుకున్నాను గాని సొంత చేనులా చూసినవాణ్ణి చూళ్లేదు."

పండరి తేలు కుట్టిన దొంగలా నవ్వి అక్కడి నుంచి కదిలాడు. నాట్లు కానీ, చెబుదాం అనుకున్నాడు. నాట్లయ్యాయి. కలుపు కానీ అనుకున్నాడు. కలుపూ అయింది. పొట్ట మీదున్న పైరును వదిలేసి పొమ్మని ఎట్లా చెప్తాం, కోత కానీ అనుకున్నాడు. నువ్వుగింజ నానని నోట్లో ఈ ఒక్క గింజ ఎనిమిది నెలలు నాని ఉబ్బింది.

దసరా ముందటి అంగట్లో ముత్తెన్న కనిపించి చెయ్యి పట్టుకుని పశువుల వైపు లాక్కుపోయాడు. ఒక తెల్ల కోడె మూపురం మీద చెయ్యి వేసి, "దీన్ని జూసిపెట్టుకున్న. కల్లమైనంక నా పాలు అమ్మి తీస్కపోత అని చెప్పిన. ఒక్క కోడె ఉంటే ఇంకోని ఎద్దుతోని పొత్తు గట్టుకోవచ్చు. ఇగ ఏ దొర గడప తొక్కేది లేదన్నా" అన్నాడు. పండరి కోడె పళ్లు చూసి, తోక చూసి, గిట్టలు చూసి, ముత్తెన్న ముఖం మాత్రం చూడకుండా బాగుందన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. నర్సవ్వ తునికాకు కత్తిరిస్తూ కాసేపు చూసింది.

"ఏందయ్యా, వర్ని అంటే నీ మొఖం నల్లవడుతున్నది. ఏం జేసినవ్ ఆడ?"

చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. అంతా చెప్పి, తనను తాను కాపాడుకోవాలని, "నేనేం అబద్ధం జెప్పలే. నేను లేకపోతే వానికి ఆ పనన్న ఉండేదా? ఏరు దాటిచ్చేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న. ఈళ్ల కోసం తిరిగి తిరిగి నా కాళ్లరిగినయ్" అన్నాడు.

నర్సవ్వ కత్తెర పక్కన పెట్టింది. "ముత్తెన్న ఉరికిపోతడేమోనని పటేలుకు జమానతు ఉంటివి. మంచిదే. పటేలు మాట తప్పితే ఏందని ముత్తెన్నకు ఎవలున్నరు జమానతు?"

"పటేలు మాట తప్పడు."

"నువ్వు తప్పితివి గదా. నీకెవలున్నరు?"

పండరి లేచాడు. చెప్పులేసుకుని ఊరి చివరిదాకా పోయి వచ్చాడు. ఎందుకు పోయాడో అతనికే తెలియదు.

పుష్యమాసంలో కబురు రానే వచ్చింది. వీరరాఘవయ్య బండి పంపాడు. పండరి ఎక్కి కూర్చున్నాడు గాని, సగం దూరం నుంచి దిగి బండి పక్కనే నడిచాడు.

కల్లంలో వడ్ల రాశి నడుమెత్తు పోసి ఉంది. ఒక వైపు వీరరాఘవయ్య నిలబడ్డాడు. ఇంకో వైపు ముత్తెన్న, పోసవ్వ. వాళ్ల కాళ్ల దగ్గర ఖాళీ గోనెసంచులు దులిపి వరసగా పరిచి ఉన్నాయి. అంగట్లో ఎవరో షావుకారిని అడిగి తెచ్చినవి. పండరి ఆ సంచులను తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చి నిలబడ్డాడు.

"వచ్చావా? చూడవయ్యా ఈ వింత" అన్నాడు వీరరాఘవయ్య. కోపం కంటే అయోమయం ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "పంటలో భాగం కొలవమంటాడు. నాలుగోవంతట! పాలేరుకు భాగమేమిట్రా అంటే, పాలేరంటేనే పాలు గదా అంటాడు. నువ్వేగా తెచ్చింది. నువ్వు చెప్పు వీడికి."

"చెప్పు పండరన్నా" అన్నాడు ముత్తెన్న కూడా. అతని ముఖంలో ఇంకా నమ్మకం ఉంది. పటేలు పొరపడ్డాడు, మన పండరి వచ్చాడు, సరిచేస్తాడు అన్న నమ్మకం. పండరికి ఏడుపొచ్చింది.

నోటికి రెండు మూడు మాటలు వచ్చాయి. నేను అన్నది ఒకటి, అతను విన్నది ఒకటి అనొచ్చు. ముత్తెన్నదే తప్పు అనొచ్చు. వర్నిలో పదిమంది రైతులు తన మాట మీద మనుషులను పెట్టుకుంటున్నారు. నిజం చెబితే రేపటి నుంచి ఒక్క గడపా తెరుచుకోదు.

"పాలేరంటే జీతమే ముత్తెన్నా" అన్నాడు చివరికి. "పాలు లేదు."

ముత్తెన్న కదల్లేదు. "నీకు ముందుగాల్నే తెల్సా?"

"తెలుసు."

"నేను పాలుకా అని అడిగిననాడు?"

"ఆనాడు గూడ తెలుసు."

పోసవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. వీరరాఘవయ్య పండరిని చూసిన చూపు కంటే, ఒక చెంపదెబ్బ కొట్టినా నయం. "వాడు తప్పు విన్నాడే అనుకో. నువ్వు నా దగ్గర తప్పు విన్న రోజున నేను నవ్వుతూనైనా దిద్దాను గదయ్యా! నువ్వు దిద్దలేదా?" అన్నాడు. తర్వాత ముత్తెన్నతో మెత్తగా, "రెండు బస్తాలు పట్టుకెళ్లరా, నీ కష్టానికి. ఉగాది దాకా ఉండు. వెళ్లేటప్పుడు ఇంకేదన్నా చూస్తా" అన్నాడు.

"ఉండ పటేలా" అన్నాడు ముత్తెన్న. "పోచమ్మ ముంగట ఒట్టు వెట్టుకున్న. తెల్వక తొమ్మిది నెలలు తప్పిన. తెల్సినంక ఒక్క దినం ఉండ."

"దాళ్వాకి నారు పోసుంది. మాటిచ్చావు గదరా!"

"నేనియ్యలే. మాటిచ్చింది పండరన్న."

వంగి ఖాళీ సంచులను ఒక్కొక్కటే మడిచాడు. అన్నీ మడిచి చంకన పెట్టుకుని, పోసవ్వను తీసుకుని గట్టెక్కాడు. ఇస్తానన్న బస్తాల వైపు చూడలేదు. తెల్ల కోడె ఇంకొకరి ఇంటికి పోతుంది. పండరి వాళ్లిద్దరూ కాల్వ మలుపు తిరిగేదాకా చూసి, చెప్పులు విడిచి కల్లంలోకి అడుగు పెట్టాడు.

"జమానతు నేనుంటి గదా పటేలా. ఉగాది దాకా నేనుంట."

వీరరాఘవయ్య వద్దనలేదు.

అట్లా ఒకచోట నిలవని పండరి మూడు నెలలు ఒకే తూము దగ్గర కాపలా కాశాడు. పొద్దునే కొట్టం ఊడ్చేవాడు, ఎడ్లకు గడ్డి వేసేవాడు, నీళ్లు మలిపేవాడు. కాల్వగట్టు మీద ఎవరు నడిచిపోయినా కాళ్లు పీకేవి. నర్సవ్వ బీడీల కట్ట తెచ్చి ఇచ్చి, "దొరికినవ్ ఇప్పటికి" అని, నవ్వబోయి, పగిలిన అతని అరికాళ్లు చూసి ఊరుకుంది. ఒకరోజు వీరరాఘవయ్య బావమరిది గుంటూరు వైపు నుంచి వచ్చి, గడప దగ్గర నిలబడి "ఒరే పాలేరూ, నీళ్లు తే" అన్నాడు. పండరి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఇంకెవరూ లేరు. ఇన్నేళ్లలో తాను ఎంతమందిని ఈ పనికి తెచ్చాడో, ఆ రాత్రే కాదు, చాలా రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. పేర్లు కూడా అన్నీ గుర్తుకు రాలేదు.

ఉగాది దగ్గర పడింది. వీరరాఘవయ్య పిలిచి, "నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. నాకో మనిషిని చూసిపెట్టి నువ్వు వెళ్లు. ఈసారి సరిగ్గా చెప్పి తీసుకురా" అన్నాడు.

పండరి బీర్కూరు పోయాడు. కమ్మరి కొలిమి దగ్గర నలుగురు మనుషులు పని కోసం కూర్చుని ఉన్నారు. కొలిమిలో సమ్మెట కొడుతున్నవాడు ముత్తెన్న. పండరిని చూసి దెబ్బ ఆపలేదు.

"వర్నిల మనిషి గావాలె" అన్నాడు పండరి, నిలబడే. "వాళ్ల దిక్కు దాన్ని పాలేరు అంటరు. మన దిక్కు అది జీతం. ఉగాది నుంచి ఉగాది. పంటల పాలు లేదు. నేను జేసొచ్చిన, తెల్సే చెప్తున్న."

ఇద్దరు అప్పుడే లేచి వెళ్లిపోయారు. ఒకడు నేల చూశాడు. నాలుగోవాడు తండా నుంచి వచ్చిన జేత్యా. "రేతిరి నీళ్లెన్నిసార్లు మలపాలె?" అని అడిగాడు.

"మూడుసార్లు."

"కొడతరా?"

"కొట్టరు. ఇంటికొచ్చిన సుట్టం నోరు మంచిది గాదు."

"గొంగడిస్తరా?"

"ఇస్తరు. నాకిచ్చింది మంచిగనే ఉన్నది."

జేత్యా లేచి బట్టలు దులుపుకున్నాడు. "సరే, వస్త."

అంతే. ఒక బీడీ కాలేంతసేపు కూడా పట్టలేదు. పండరి అక్కడే కొయ్యబారిపోయాడు. నిజం చెబితే ఎవరూ రారనే గదా ఏడాది కింద నోరు మూసుకున్నది. ఎవరో ఒకరు వచ్చేవాళ్లే. ముత్తెన్నకు జరిగిందంతా ఉత్తపుణ్యానికి జరిగింది.

కొలిమి దగ్గరికి పోయాడు. "ముత్తెన్నా, నిజం జెప్తే రావనుకున్న. ఒట్టు."

ముత్తెన్న సమ్మెట దించి, చెమట తుడుచుకున్నాడు. కోపం లేదు ముఖంలో. ఉంటే బాగుండు అనిపించింది పండరికి.

"రాకపోదునేమో. వత్తునేమో గూడ. ఆ యేడు ఇంట్ల గింజల్లేవు. పోచమ్మ కాళ్లు మొక్కి, ఒట్టు దీసి గట్టున వెట్టి వత్తునేమో, నాకే తెల్వది" అన్నాడు. "వస్తననుడో, రాననుడో నా నోటితోని నేను జెప్పే మాట పండరన్నా. అది గూడ నా తరఫున నువ్వే జెప్పేస్తివి."

సమ్మెట మళ్లీ ఎత్తాడు. జేత్యా అప్పటికే బాట మీదికి చేరి "పోదామా అన్నా?" అని పిలుస్తున్నాడు. రెండోసారి పిలిచాడు, మూడోసారీ పిలిచాడు. పండరి కాళ్లు కదల్లేదు.